కట్లపాము కరెంటుని ముట్టుకోదు

మా మేనల్లుడు ఇంటర్ బైపీసీ. మొన్న అన్నం తింటూ అడిగాడు, "మామయ్యా, నరంలో పోయేది కరెంటే అంటారు కదా, మరి కట్లపాము విషం కరెంటుని ఎలా ఆపుద్ది?" అని. డెండ్రైట్, ఆక్సాన్, నరకణం బొమ్మలో బాణాలు వేసిన పేర్లన్నీ వాడికి కంఠతా వచ్చు. అసలు కథేమో ఆ బొమ్మ అయిపోయిన చోట మొదలవుతుంది, అక్కడికొచ్చేసరికి మన పాఠాలు రెండు లైన్లు రాసి చేతులు దులిపేసుకుంటాయి.

విషం కరెంటు జోలికే పోదురా, రేవుని పట్టుకుంటుంది అన్నా. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళాలంటే వశిష్ఠ గోదావరి దాటాలి, పంటు మీద బండితో సహా అవతలికి పోవచ్చు. నరానికి ఆ సౌకర్యం లేదు. కరెంటు నరం చివరిదాకా వచ్చి గట్టు మీద ఆగిపోతుంది, ఎదురుగా కండరం, మధ్యలో ఏరు. ఆ ఏరు వెడల్పు సుమారు 50 నానోమీటర్లు, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా కరెంటు దూకలేదు. అందుకని ఇవతలి గట్టు మీద షెడ్లు కట్టి ఉంటాయి, ఒక్కో షెడ్డులో పడవలు వేలల్లో, అసిటైల్ కోలిన్ అనే రసాయనం అణువులే ఆ పడవలు. కరెంటు రాగానే తలుపులు తెరుచుకుని బయటి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది (బయట లోపలికంటే దాదాపు పదివేల రెట్లు ఎక్కువ ఉంటుంది మరి, దూసుకురాక ఏం చేస్తుంది), అది తగలగానే షెడ్లు గట్టుకి అతుక్కుని బద్దలై పడవలన్నీ ఏట్లోకి. అవతలి గట్టున గుంజలు, ఒక్కో గుంజకి రెండు పడవలు కట్టుకుంటేనే అక్కడి గేటు తెరుచుకుంటుంది, సోడియం లోపలికి పోతుంది, కండరం ముడుచుకుంటుంది. కరెంటు రావడం నుంచి గేటు తెరుచుకునేదాకా అయ్యేది మిల్లీసెకను అటూ ఇటుగా.

నాకు బాగా నచ్చేది దీని తర్వాతిది. ఏట్లోనే ఒక ఎంజైము కాపు కాసి ఉంటుంది, దొరికిన పడవనల్లా అక్కడికక్కడే రెండు ముక్కలు చేసేస్తుంది, ఒక్కో ఎంజైము సెకనుకి వేల పడవల్ని! కోలిన్ ముక్కని నరం మళ్ళీ లోపలికి లాక్కుని కొత్త పడవ చేసుకుంటుంది. ఏరు ఖాళీ అయితేనే కదా తర్వాతి కబురు వచ్చేది.

ఈ కబురు రసాయనమే అని తేల్చింది ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో, 1921లో అచ్చయింది. కొట్టుకుంటున్న రెండు కప్ప గుండెలు తీసుకుని, ఒకదాని వేగస్ నరాన్ని ప్రేరేపించి దాన్ని నెమ్మది చేసి, ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. నరం లేదు, కరెంటు లేదు, ఒట్టి నీళ్ళు మోసుకెళ్ళాయి కబురుని. ఈ ప్రయోగం ఆయనకి కలలో తట్టిందట, నిద్రమత్తులో రాసుకున్నది పొద్దున్న ఆయనకే అర్థం కాలేదట, మర్నాడు రాత్రి మళ్ళీ అదే కల వస్తే ఈసారి లేచి తిన్నగా ల్యాబ్‌కి పోయాడట. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్.

సరే, పాముల సంగతి. నాగుపాము విషం అవతలి గట్టున గుంజలు ఆక్రమించుకుంటుంది, పడవలొస్తాయి గానీ కట్టుకునే చోటు ఉండదు. కట్లపాము దుర్మార్గం వేరే, దాని విషంలోని ఒక ముఖ్యమైన భాగం ఇవతలి గట్టునే షెడ్లు ఖాళీ అయిపోయేలా చేసి నరం కొసనే పాడుచేస్తుంది. ఇక పత్తి చేలో ముక్కుకి గుడ్డ కూడా లేకుండా కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు పట్టుకునేది ఆ ఎంజైముని. దాని చేతులు కట్టేస్తే పడవలు ఏట్లో పేరుకుపోతాయి, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి, ఇదే రసాయనంతో నడిచే గ్రంథులు కూడా ఆగకుండా పనిచేసి నోట్లో చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ అనే మందు ఉమ్మెత్తలోనూ ఉంటుంది, అలాగని కాయ నమిలేరు, అదీ విషమే.

ఇప్పుడు తమాషా చూడండి. నాగుపాము కాటుకి యాంటీవెనమ్‌తో పాటు డాక్టర్లు ఒక్కోసారి ఇచ్చే నియోస్టిగ్మిన్ అనే మందు చేసేది కూడా పురుగుమందు చేసిన పనే! ఎంజైము చేతులు కాసేపు కట్టేస్తుంది, పడవలు ఏట్లో ఎక్కువసేపు మిగులుతాయి, గుంజల కోసం విషంతో పోటీ పడతాయి. కట్లపాముకి మాత్రం ఇది పెద్దగా పనిచేయదు, పడవలే లేనప్పుడు ఎవరి చేతులు కట్టి ఏం లాభం.

మా ఊళ్ళో పాము కరిస్తే వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడిగేవాళ్ళు, తెలిస్తే విషం ఎక్కలేదన్నమాట. నాలుక నుంచి మెదడుకి రుచి పోయే దారి వేరు, కట్లపాము దెబ్బకొట్టే రేవు వేరు. చేదు తెలుస్తూనే ఉంటుంది, ఈలోపు కనురెప్పలు వాలిపోతుంటాయి, మింగడం కష్టమవుతుంది, ఆ తర్వాత ఊపిరి. మంత్రం వేస్తే బతికినవాళ్ళు లేరా అంటారు, ఉన్నారు, విషం ఎక్కించకుండా ఒట్టి కాటు వేసే పాములు కూడా ఉంటాయి కాబట్టి.

మావాడు అంతా విని, "మరి యాంటీవెనమ్ ఇచ్చాక కూడా వెంటిలేటర్ ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆ మందు రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకుంటుంది, అప్పటికే పాడైన నరం కొసల్ని బాగు చేయలేదు. అవి మళ్ళీ పెరగాలి, రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు, అప్పటిదాకా ఊపిరి మిషనే ఆడించాలి. చాలాసార్లు ఆ మనిషికి లోపల తెలివి ఉంటుంది, పక్కనవాళ్ళ మాటలు వినిపిస్తుంటాయి, రెప్ప ఎత్తడానికే రేవు దాటే పడవ ఉండదు.