ఏమీ చేయకపోయినా బ్యాటరీ ఎందుకు దిగుతుంది? కోడ్ రాసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మా రిపేరు అంగడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇంజనీరింగ్ వాళ్లే. ప్రాజెక్టులు సబ్మిట్ చేసే నెల వచ్చిందంటే అందరిదీ ఒకటే మాట: "అన్నా, బ్యాటరీ పోయింది, కొత్తది వేసెయ్." ఏం చేస్తుంటే పోతోందిరా అంటే, ఏమీ చేయట్లేదన్నా, కోడ్ రాసే ఎడిటర్ తెరిచిపెట్టి టీకి పోయొచ్చేసరికి బాగా దిగిపోయి ఉంటుంది అంటారు. కొత్త బ్యాటరీ అమ్మితే నాకు నాలుగు రూపాయలు మిగిలే మాట నిజమే గానీ, వారం తిరక్కుండా అదే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి నామీదే అరుస్తారు, అందుకని ముందు దొంగ ఎవరో చూస్తా.

అపోహ: నేను టైప్ చేయకపోతే ఎడిటర్ కూడా ఖాళీగానే ఉంటుంది

ఉండదు. తెర మీద ఒక్క అక్షరం కదలకపోయినా వెనకాల చాలామంది పనిలో ఉంటారు. తప్పుల కింద ఎర్ర గీత గీసేవాడు ఒకడు, ఫైళ్లు ఏమైనా మారాయా అని చూసేవాడు ఒకడు, కోడ్‌లో మార్పుల చిట్టా రాసే గిట్‌ను పలకరించి వచ్చేవాడు ఒకడు, ఎప్పుడో ఎవరో బాగుందన్నారని వేసుకుని మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్లు ఒక డజను.

వీఎస్ కోడ్ చూడ్డానికి ఎడిటరే గానీ లోపల ఉన్నది క్రోమియం బ్రౌజర్. 2017లో దానిమీద ఒక ఫిర్యాదు వచ్చింది, ఏమీ చేయకుండా వదిలేసినా 13 శాతం సీపీయూ (ప్రాసెసర్) వాడుతోందని. వెతికితే దొరికింది ఎవరయ్యా అంటే మినుకుమినుకుమనే కర్సర్! అర సెకనుకోసారి వెలిగి ఆరాల్సిన ఆ చిన్న గీత కోసం సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తోంది. తర్వాత సరిచేశారు, ఇప్పుడు కర్సర్ వల్ల ఆ బాధ లేదు. ఎంత చిన్న పని ఎంత తినగలదో చెప్పడానికి మాత్రం నాకు ఇప్పటికీ ఆ కథే పనికొస్తుంది.

ఎందుకంటే పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోతుంది, మాటవరసకు కాదు, నిజంగానే లోపలి భాగాలకు కరెంటు ఆపేసుకుని పడుకుంటుంది. బ్యాటరీ గంటల తరబడి వచ్చేది ఆ నిద్ర వల్లే. క్షణానికోసారి ఎవరో ఒకరు లేపుతుంటే పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రి లాగే ఉంటుంది దాని పరిస్థితి, చేసిన పని పెద్దగా ఏమీ ఉండదు, తెల్లారేసరికి ఒంట్లో ఓపికా ఉండదు. లెక్క చూడండి: 40 వాట్ అవర్ల బ్యాటరీ ఉందనుకుంటే, మొత్తం లాప్‌టాప్ 5 వాట్లు లాగుతుంటే 8 గంటలు వస్తుంది. అదే 12 వాట్లు లాగితే మూడు గంటల ఇరవై నిమిషాలు.

అపోహ: టాస్క్ మేనేజర్‌లో 12 శాతమే చూపిస్తోంది, అది కూడా ఒక లెక్కేనా

ఇది అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది. మొన్న థర్డ్ ఇయర్ అబ్బాయి ఒకడు వచ్చాడు, బ్యాటరీకి డబ్బులు కూడా తెచ్చుకున్నాడు. నేను ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టా. విండోస్ ఒక ఫైలు తయారుచేసి ఇస్తుంది, అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. ఇతనిది 42,000 మిల్లీవాట్ అవర్లకు ఇంకా 40,000 పైనే పడుతోంది. బ్యాటరీ రాయిలా ఉంది.

చార్జర్ పీకేసి, బ్రౌజర్ మూయించి, ఎడిటర్ ఒక్కటే ఉంచి ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఫ్యాను ఆగదు. సీపీయూ 12, 13, మళ్లీ 12. "పన్నెండే కదన్నా" అన్నాడు. ఎనిమిది థ్రెడ్ల, అంటే ఒకేసారి ఎనిమిది పనులు నడపగల ప్రాసెసర్‌లో 12.5 శాతం అంటే ఒక థ్రెడ్ ఊపిరి తీసుకోకుండా పరిగెడుతోందని అర్థం, టైప్ చేసేవాడు మాత్రం నా పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. డీటెయిల్స్ ట్యాబ్‌లో కమాండ్ లైన్ కాలమ్ పెట్టి చూస్తే జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే నోడ్ కనిపించింది, పొద్దున ఎడిటర్ టెర్మినల్‌లో మొదలుపెట్టి ఆపడం మరిచిపోయిన రియాక్ట్ సర్వర్, అతని వెబ్ ప్రాజెక్టును నడిపి చూపించేది.

సర్వర్ ఊరికే నడిస్తే ఇంత తినదు. ప్రాజెక్టు సెట్టింగులు ఉండే ఎన్వ్ ఫైలు తెరిపించా. అందులో ఒక లైను: చోకిడార్ యూజ్‌పోలింగ్, ట్రూ.

చోకిడార్ అనేది ఫైళ్లు మారాయో లేదో చూసే లైబ్రరీ, హిందీలో కాపలావాడు అన్న మాటనే పేరుగా పెట్టారు. మామూలుగా ఈ కాపలావాడు గేటు దగ్గర కూర్చుంటాడు, ఫైలు మారితే ఆపరేటింగ్ సిస్టమే వచ్చి చెబుతుంది. పోలింగ్ ఆన్ చేశారంటే మాత్రం లేచి ప్రతి తలుపూ తట్టి, ఏమైనా మారిందా, ఏమైనా మారిందా అని అడుగుతూ తిరుగుతాడు, మామూలు సెట్టింగ్‌లో 100 మిల్లీసెకన్లకు ఒకసారి. ఇతని ఫోల్డర్‌లో తలుపులు వేలల్లో ఉన్నాయి.

అసలు ఆ లైను ఎందుకు పెట్టావురా అంటే, ఏదో వీడియోలో డాకర్‌తో, అంటే ప్రోగ్రామును విడిగా ఒక లినక్స్ డబ్బాలో పెట్టి నడిపేటప్పుడు, పెట్టమన్నారట. అక్కడ అవసరమే, విండోస్ డ్రైవ్‌లో ఫైలు మారితే డాకర్ లోపల ఉన్న లినక్స్‌కు ఆ కబురు సరిగ్గా అందదు కాబట్టి. తర్వాత డాకర్ తీసేశాడు, లైను మిగిలిపోయింది. చెరిపేసి సర్వర్ మళ్లీ మొదలుపెట్టాం. ఒకటి, రెండు శాతం. కాసేపటికి ఫ్యాను కూడా సద్దుమణిగింది. బ్యాటరీ డబ్బులు జేబులో పెట్టుకుని పోయాడు, నాకు మిగిలింది టీ.

ఒక జాగ్రత్త. కొత్త ప్రాజెక్టు తెరిచిన మొదటి కొన్ని నిమిషాలు చూసి తీర్పు చెప్పకండి, ఇండెక్సింగ్ (ఫైళ్లన్నీ చదివి జాబితా వేసుకోవడం) జరిగేటప్పుడు ఏ ఎడిటర్ అయినా తింటుంది. అది అయిపోయాక కూడా దిగకపోతేనే అనుమానించాలి.

అపోహ: ర్యామ్ నిండితే బ్యాటరీ అయిపోతుంది

ర్యామ్ ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా దాన్ని రిఫ్రెష్ చేస్తూ ఉండాల్సిందే, కరెంటు దాదాపు అంతే. ఆండ్రాయిడ్ యాప్‌లు బిల్డ్ చేయడానికి వెనకాల కాచుకుని ఉండే గ్రేడిల్ డీమన్‌ను చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, పని లేకపోతే అది మెమరీ పట్టుకుని కూర్చుంటుందే తప్ప సీపీయూ జోలికి పెద్దగా పోదు, మూడు గంటలు ఎవరూ పిలవకపోతే తనే పోతుంది. ర్యామ్ చాలక డిస్క్ మీదికి ఎక్కించి దించడం మొదలైతే అది వేరే సంగతి, అప్పుడు తప్పకుండా తింటుంది.

అపోహ: విండో మూసేస్తే అంతా ఆగిపోయినట్టే

డాకర్ డెస్క్‌టాప్ విండో మూసినా అది కింద గడియారం పక్కన నక్కి ఉంటుంది, దాని లినక్స్ మెషిన్ వీఎంమెమ్ పేరుతో నడుస్తూనే ఉంటుంది. గడియారం పక్కన ఉన్న డాకర్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి క్విట్ కొట్టండి. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడేవాళ్లు, పని అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్ల్యూఎస్ఎల్ రాసి, స్పేస్ ఇచ్చి, రెండు డాష్‌లు పెట్టి షట్‌డౌన్ కొడితే అదీ పడుకుంటుంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ అయితే లోపల ఒక ఫోన్ మొత్తం నడుస్తున్నట్టే, యాప్ టెస్ట్ చేయనప్పుడు దాన్ని తెరిచి ఉంచడం ఎందుకో నాకైతే అర్థం కాదు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఇంటెల్లిజే వాడేవాళ్లకు ఫైల్ మెనూలోనే పవర్ సేవ్ మోడ్ ఉంది. కోడ్ చదవడానికే తెరిచినప్పుడు అది పెట్టుకోండి, ఎర్ర గీతలు రావని తర్వాత నన్ను అడగొద్దు.

అపోహ: డార్క్ థీమ్ పెడితే బ్యాటరీ మిగులుతుంది

ఓఎల్ఈడీ తెరకైతే నిజం. మా దగ్గరికి వచ్చేవి దాదాపు అన్నీ ఎల్‌సీడీలే, అక్షరాల వెనక తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. బ్రైట్‌నెస్ తగ్గించుకోండి, అదే అసలు పొదుపు.

అపోహ: మూత వేస్తే నిద్రపోయినట్టే కదా

ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి మోడర్న్ స్టాండ్‌బై ఉంది, మూత వేసినా ఫోన్ లాగా సగం మెలకువతో ఉంటాయి, నెట్ కూడా పట్టుకుని ఉండొచ్చు. బ్యాగులో పెట్టినది బయటికి తీస్తే వేడిగా ఉందంటే నిద్ర సరిగ్గా పట్టలేదనే. మే నెలలో మన ఎండకు బ్యాగులో ఆ వేడి కూడా తోడైతే బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తగ్గుతుంది. పైన చెప్పిన కమాండ్‌లోనే బ్యాటరీరిపోర్ట్ బదులు స్లీప్‌స్టడీ అని కొడితే, నిద్రలో ఎవరు ఎంతసేపు లేపారో చూపిస్తుంది, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. నేనైతే బ్యాటరీ మీద ఉన్నప్పుడు మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే తెరిచినవన్నీ డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోయేలా పెట్టుకున్నా. తెరిచినప్పుడు కాసేపు ఆగాల్సి వస్తుంది గానీ, బస్సులో ధర్మవరం పోయి సాయంత్రానికి తిరిగొచ్చినా శాతం పొద్దున ఎంతుందో అంతే ఉంటుంది.