చూసిన పాఠం, చూడని పేరా

పదో తరగతి ఇంగ్లిషు పేపర్ తెరవగానే మొదట వచ్చేది రీడింగ్ కాంప్రహెన్షన్. ఒక పేరా, కింద నాలుగైదు ప్రశ్నలు. అందులో బొటాబొటిగా పాసు మార్కులు తెచ్చుకుని కూడా, కొత్త పేరా ఒకటి ముందు పెడితే తడబడే పిల్లలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల హైస్కూళ్లలో ప్రతి క్లాసులోనూ ఉంటారు. తప్పు పిల్లలది అనుకునే ముందు ఈ పరీక్ష ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

అర్థం కాకుండానే చదివేస్తున్నారన్న ఈ ఫిర్యాదు పాతదే. ఒంగోలు వాడైన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) ఇంగ్లిషు పట్టుదలగా నేర్చుకుని మద్రాసు సదర్ కోర్టులో (కంపెనీ కాలపు పై కోర్టు) అనువాదకుడిగా పనిచేశారు. ఆ భాషలోనే తన జీవితకథ కూడా రాసుకున్నారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1873లో అది అచ్చయింది. మద్రాస్ స్కూల్ బుక్ సొసైటీ 1820లో మొదలైనప్పుడు అందులో సభ్యుడిగా చేరి, బడుల్లో చదువు తీరు గురించి నివేదిక ఇచ్చారు. పిల్లలు వల్లిస్తున్నారు గానీ వల్లించేదాని అర్థం వాళ్లకు తెలియడం లేదన్నది ఆయన బాధ.

నేను వల్లెవేతను పూర్తిగా కొట్టిపారెయ్యను. శతక పద్యం ఎనిమిదో ఏట నోటికి వస్తే, అర్థం పదిహేనో ఏటో పాతికో ఏటో దానంతటదే వచ్చి చేరుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్నది తెలుగే. ఇంగ్లిషుకు ఆ అవకాశం లేదు. ఇంట్లో, పొలంలో, బస్సులో వినబడని భాషను కంఠతా పట్టిస్తే అది పరీక్షహాలు గేటు దాకే వస్తుంది.

1854లో వుడ్ డిస్పాచ్ అనే కంపెనీ విద్యావిధాన పత్రం, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం, దాని మెట్రిక్యులేషన్ వచ్చాయి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ అమెరికన్ బాప్టిస్టు మిషనరీల బడులు నడిచాయి. ఉద్యోగానికి దారి మెట్రిక్ కాబట్టి, ఏం చదివామన్నది పోయి ఏం అడుగుతారన్నదే చదువైంది.

చదివి అర్థం చేసుకోవడాన్ని విడిగా కొలవాలన్న ఆలోచన ఇక్కడ పుట్టలేదు. అమెరికాలో ఫ్రెడరిక్ కెల్లీ 1915 ప్రాంతంలో కాన్సాస్ బడుల కోసం మౌనపఠన పరీక్ష తయారుచేశారు. బయటికి గడగడా చదవడం వేరు, లోపల గ్రహించడం వేరన్నది దాని పునాది. 1917లో మనస్తత్వవేత్త థార్న్‌డైక్ పిల్లల తప్పు జవాబులనే పరిశీలించి, పేరా చదవడమంటే ఒక విధంగా తర్కించడమేనని తేల్చారు.  అప్పటి మన దేశంలోనే, 1920ల్లో ఢాకాలో మైఖేల్ వెస్ట్ అనే ఆయన, మన పిల్లలకు ముందు కావలసింది మాట్లాడే ఇంగ్లిషు కాదు, చదివే ఇంగ్లిషు అని వాదించి, తక్కువ మాటలతో రీడర్లు రాశారు.

ఆ ఆలోచన మన దగ్గరికి నాన్-డిటెయిల్డ్ రూపంలో చేరింది. టీచరు గీత గీత వివరించక్కర్లేకుండా పిల్లలు తమంతట తాము వేగంగా చదువుకోవాల్సిన కథల పుస్తకం అది. ఆచరణలో ఏమైంది? గైడులో సమ్మరీ ఒక పేజీ, క్యారెక్టర్ స్కెచ్ అర పేజీ. ఏ కథలో నాయకుడైనా దయగలవాడు, నిజాయితీపరుడు, ధైర్యవంతుడు. పుస్తకం విప్పకుండానే కథ మీద పది మార్కుల జవాబు రాసిన తరాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2009 విద్యాహక్కు చట్టం, 2011 రాష్ట్ర చట్రం వరసగా వచ్చి దీన్ని మార్చాలని చూశాయి. 2014-15లో పదో తరగతికి కొత్త ఇంగ్లిషు పుస్తకం వచ్చింది. మంచి పుస్తకం. అందులో ‘ద జర్నీ’ అనే అరుణాచల్ కథ ఉంది. పట్నంలో చదువుకున్న కొడుకు తిరిగి బయల్దేరుతుంటే తండ్రి అతని ట్రంకుపెట్టె మోస్తూ కాలినడకన వస్తాడు. ఉదయగిరి, దర్శి వైపు మెట్ట ఊళ్ల నుంచి పిల్లల్ని హాస్టళ్లలో దింపి వచ్చే తండ్రుల కథే అది. పెట్టె ఎవరు మోశారని అడిగితే జ్ఞాపకం చాలు. కొడుకు దాన్ని ఎందుకు అందుకోలేకపోయాడని అడిగితే కథ చదవాలి. కానీ పరీక్షలో ఇచ్చే పేరా పాఠంలోదే కావడంతో, ఆ రెండో ప్రశ్నకూ జవాబు గైడులో ముందే అచ్చయిపోయింది. కొడుకు డైరీ రాయమన్నా, తండ్రీకొడుకుల సంభాషణ రాయమన్నా అంతే. రాష్ట్రమంతా ఒకే కొడుకు ఒకే డైరీ రాశాడు.

తర్వాతి మార్పులు ఎక్కువగా పేపర్ల లెక్కకు సంబంధించినవి. కోవిడ్ వల్ల 2020, 2021లో పరీక్షలే జరగలేదు. 2022లో మొత్తం ఏడు పేపర్లు, 2023లో ఆరు. ఇంగ్లిషు రెండు పేపర్లు ఒక్కటై, వంద మార్కుల్లో ముప్ఫై రీడింగ్‌కు కేటాయించారు. వాటిలో కొంత చూసిన పాఠానిది, కొంత చూడని పేరాది.

ఇంకోవైపు మాధ్యమం మారింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం పెట్టాలని జీవో వచ్చింది. అదే నెల 14న, ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం ఒంగోలులోనే మొదలైంది. 2020 ఏప్రిల్లో హైకోర్టు జీవోను కొట్టేసినా, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు ఉండే పుస్తకాలు బడుల్లో నిలిచాయి. 2023లో బడి పిల్లలకు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష పెట్టే ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం మారాక అది ఆగింది. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిషు పుస్తకం తొలి పాఠంలో వడగళ్లకు పంట పోయిన లెంచో దేవుడికి ఉత్తరం రాసి వంద పెసోలు అడుగుతాడు. డెబ్భై అందితే, మిగతావి పోస్టాఫీసు వాళ్లు కాజేశారని మళ్లీ దేవుడికే రాస్తాడు. ఆ డబ్బు చందా వేసి పంపింది వాళ్లేనని మనకు తెలుసు, లెంచోకు తెలియదు. ఆ తెలియకపోవడమే కథ. తుపానుకు వరి పడిపోవడం చూసిన నెల్లూరు పిల్లలు తెలుగులో అడిగితే ఇది ఇట్టే చెబుతారు. ఇంగ్లిషులో రాయమంటే ఆగిపోతారు. కథ అర్థం కాలేదా, వాక్యం కుదరలేదా అన్నది దిద్దే చేతికి తెలియదు.

చూడని పేరా కింద ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నలు ఈ తేడాను కొంత పట్టిస్తాయి, అక్కడ వాక్యం రాయక్కర్లేదు గనుక. కానీ మార్కుల మెమోలో ఇంగ్లిషుకు ఒకటే అంకె. ఫలితాల రోజు జిల్లా ఉత్తీర్ణత శాతం, స్థానం పత్రికల్లో వస్తాయి. ఆ చూడని పేరాలో జిల్లా పిల్లలకు ఎన్ని వచ్చాయో చెప్పే పట్టిక వాటిలో ఉండదు.