కలెక్టర్ ‘అవ్వాలి’ అంటే ‘మస్ట్’ కాదు: మోడల్స్, కొలొకేషన్స్‌పై అపోహలు - వాస్తవాలు

మోడల్ వెర్బులు అనగానే చాలా క్లాసుల్లో బోర్డు మీద ఓ పట్టిక వేస్తారు. క్యాన్ అంటే గలను, మే అంటే వచ్చు, మస్ట్ అంటే తప్పక. పిల్లలు బట్టీ పట్టేస్తారు, మాట్లాడమంటే ఆగిపోతారు. నేను స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ఇవన్నీ ‘యాంబిషన్’ అనే ఒక్క అంశం మీదే సాధన చేయిస్తాను. జీవితంలో ఏం కావాలనుకుంటున్నావో చెప్పమంటే కోరిక, బాధ్యత, సందేహం, చేజారిన అవకాశం అన్నీ వాటంతటవే బయటికొస్తాయి. మోడల్స్ పుట్టిందే వాటిని చెప్పడానికి.

అపోహ: ‘అవ్వాలి’, ‘చేయాలి’ అని ఉంటే ‘మస్ట్’ పెట్టేయొచ్చు.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘నేను కలెక్టర్ అవ్వాలి’ అన్నది కోరిక. ‘రేపటిలోగా ఫీజు కట్టాలి’ అన్నది తప్పనిసరి. తెలుగులో రెండూ ఒకేలా ముగుస్తాయి, ఇంగ్లీషులో మాత్రం దారులు వేరు. ‘ఐ మస్ట్ బికమ్ ఎ కలెక్టర్’ అంటే ఎవరో నెత్తిన పెట్టిన బరువులా వినిపిస్తుంది. ‘ఐ వాంట్ టు బి ఎ కలెక్టర్’ అంటే సరిపోతుంది. ఇంటర్వ్యూలో అయితే ‘ఐ వుడ్ లైక్ టు’ లేదా ‘ఐ హోప్ టు’ ఇంకా బాగుంటుంది. ఐదేళ్లలో ఎక్కడుంటావని క్యాంపస్ ఇంటర్వ్యూలో అడిగితే ‘ఐ విల్ బి ద మేనేజర్’ అనకండి. ‘ఐ వుడ్ లైక్ టు లీడ్ ఎ స్మాల్ టీమ్ బై దెన్’ అనండి. ఆశయం ఏమీ చిన్నబోదు, మాటకు మర్యాద వస్తుంది.

వ్యతిరేకార్థంలో మాత్రం తెలుగే మనకు అండ. ‘యూ మస్ట్ నాట్ క్విట్ యువర్ జాబ్’ అంటే ఉద్యోగం మానకూడదు. ‘యూ డోంట్ హ్యావ్ టు క్విట్’ అంటే మానక్కర్లేదు. గ్రూప్స్‌కి చదువుతున్న తమ్ముడికి సలహా ఇస్తూ ఈ రెండిట్నీ తారుమారు చేస్తే అర్థమే మారిపోతుంది. ‘కూడదు’, ‘అక్కర్లేదు’ మనం తెలుగులో ఎప్పుడూ కలగలపం కదా, ఇంగ్లీషులోనూ ఆ తేడానే పట్టుకోండి.

అపోహ: ‘చేయగలిగాను’ అంటే ‘ఐ కుడ్’.

వాస్తవం: పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. దాన్ని ‘సింధు కుడ్ విన్ సిల్వర్’ అంటే ఇకముందు గెలవచ్చేమో అన్నట్టు వినిపిస్తుంది. ఒక్కసారి సాధించిన విజయానికి ‘వాజ్ ఏబుల్ టు విన్’, ‘మేనేజ్డ్ టు విన్’, లేదా నేరుగా ‘వన్’. ఫైనల్లో కరోలినా మారిన్‌ను ఓడించలేకపోయింది కాబట్టి ‘షి కుడంట్ బీట్ మారిన్’ నిక్షేపంగా అనొచ్చు. ఎప్పుడూ ఉన్న నైపుణ్యానికీ ‘కుడ్’ సరిపోతుంది: ‘కోనేరు హంపి కుడ్ ప్లే చెస్ వెల్ యాజ్ ఎ చైల్డ్’. ‘ఐ కుడ్ క్లియర్ గేట్’ అని చెబితే మాత్రం, ఇంతకీ క్లియర్ చేశావా లేదా అని హెచ్‌ఆర్ మళ్లీ అడగాల్సి వస్తుంది.

అపోహ: ‘ఐ క్యాన్ ఏబుల్ టు’ అంటే నొక్కి చెప్పినట్టు.

వాస్తవం: కాదు, తప్పు. ‘ఐ క్యాన్’ అనండి, లేదా ‘ఐ యామ్ ఏబుల్ టు’ అనండి. ‘మస్ట్ టు’, ‘షుడ్ టు’ కూడా లేవు.

అపోహ: కొలొకేషన్స్ (ఏ మాటకు ఏ మాట జోడీగా వస్తుందన్నది) ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే, మనకు అర్థం తెలిస్తే చాలు.

వాస్తవం: తెలుగులో కల నెరవేరుతుంది, పరీక్ష గట్టెక్కుతాం. పరీక్ష నెరవేరిందని ఎవరూ అనరు. ఇంగ్లీషు మాటలకూ ఇలాగే జోడీలున్నాయి. లక్ష్యం ‘పెట్టుకున్నాను’ కదా అని ‘ఐ కెప్ట్ ఎ గోల్’ అంటారు, అనాల్సింది ‘సెట్ ఎ గోల్’. యాంబిషన్‌ను ‘ఫుల్‌ఫిల్’ లేదా ‘అచీవ్’ చేస్తారు, ఎఫర్ట్‌ను ‘మేక్’ చేస్తారు, ఎక్స్‌పీరియన్స్‌ను ‘గెయిన్’ చేస్తారు. బాగా కష్టపడ్డానని చెప్పబోయి ‘ఐ హార్డ్‌లీ వర్క్‌డ్’ అంటే పనే చేయలేదన్నట్టవుతుంది. ‘ఐ వర్క్‌డ్ హార్డ్’ అనాలి.

విదేశాలకు వెళ్లే పిల్లలకు ఇది మార్కుల విషయం కూడా. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలోని స్పీకింగ్‌ విభాగంలో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి, వాటిలో ఒకటి పదసంపద. అందులో బ్యాండ్ 7 (స్కోరు స్థాయి) వివరణలోనే కొలొకేషన్ ప్రస్తావన ఉంది. ‘రైట్ యాన్ ఎగ్జామ్’ మన దేశంలో చెల్లుతుంది, అక్కడ ‘టేక్’ వాడటం మేలు.

సాధనకు ఆ పరీక్ష రెండో భాగంలోని పద్ధతే బాగుంటుంది. ఒక నిమిషం ఆలోచించి, రెండు నిమిషాలు మీ ఆశయం గురించి ఫోన్‌లో రికార్డు చేయండి. ‘వుడ్ లైక్ టు’, ‘హ్యావ్ టు’, ‘మైట్’, ‘షుడ్ హ్యావ్’ ఒక్కోటీ ఒక్కసారైనా రావాలి: ‘ఐ వుడ్ లైక్ టు ఓపెన్ ఎ బేకరీ. ఐ హ్యావ్ టు సేవ్ మనీ ఫస్ట్. ఇట్ మైట్ టేక్ త్రీ ఇయర్స్. ఐ షుడ్ హ్యావ్ స్టార్టెడ్ ఎర్లియర్.’ మర్నాడు అదే పని అక్క గురించో, స్నేహితుడి గురించో చేయండి. అప్పుడు ‘హ్యావ్ టు’ కాస్తా ‘హ్యాజ్ టు’ అవుతుంది, ‘మైట్’ మాత్రం అలాగే ఉంటుంది.