బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని కొండలెక్కేవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి వచ్చేవాళ్లని హిమాలయాల్లో ట్రెక్‌లకి తీసుకెళ్లడం నా పని. బయల్దేరే ముందు వాట్సాప్ గ్రూప్‌లో వచ్చే ప్రశ్నలు చూస్తే ఎవరు దేనికి టెన్షన్ పడుతున్నారో తెలిసిపోతుంది: చలి, ఎలుగుబంట్లు, జారిపడటం, ఏ కంపెనీ షూస్ కొనాలి. కానీ నేను చూసినంతలో మనుషులు సగం దారిలోంచి వెనక్కి రావడానికి పెద్ద కారణాలు రెండు. ఒకటి, ఎత్తుకి తొందరగా ఎక్కేయడం. రెండు, మోయలేనంత బరువు వేసుకోవడం. అందుకే వీటి గురించే ఎక్కువ రాస్తున్నా.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుంది

కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లేవాళ్లు ఒకరికొకరు పంపుకునే సామాన్ల లిస్టుల్లో కర్పూరం తప్పకుండా కనిపిస్తుంది. చిన్న గుడ్డలో మూటగట్టి మెళ్లో వేసుకుంటారు, జేబురుమాల్లో పెట్టుకుని పది అడుగులకోసారి పీలుస్తారు. ఆ వాసన ముక్కులో చల్లగా తగిలేసరికి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. రక్తంలో ఆక్సిజన్ వీసమెత్తు కూడా పెరగదు.

అసలు ఎత్తులో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందన్నదే తప్పు. కాకినాడ బీచ్‌లో ఉన్న 21 శాతమే ఎవరెస్ట్ మీదా ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. 5500 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగం, కాబట్టి ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా దాదాపు సగమే. దీనికి ఒంటిని అలవాటు చేయడానికి రోజులు కావాలి.

వాసన చూస్తే నష్టమేముంది అంటారా? తలనొప్పి, వికారం మొదలైనా "కర్పూరం ఉందిలే అన్నా" అని పైకే నడుస్తారు, అదీ నష్టం. ఇంకా దారుణం, హారతి కర్పూరం బిళ్లని నోట్లో వేసుకోవడం. అది విషం, కడుపులోకి వెళితే ఫిట్స్ రావచ్చు. పిల్లలున్న చోట అసలు బయట పెట్టకండి.

అపోహ: జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తు పడక వచ్చే జబ్బు) రాదు

వస్తుంది. ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు. నిజానికి ఫిట్‌గా ఉన్నవాళ్లతోనే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే వాళ్లు ఆగరు, తలనొప్పి వచ్చినా చెప్పరు. "మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనకేంటి" అని తరచూ వింటుంటాను. 2014 మే 25న పూర్ణ శిఖరం మీద నిలబడింది, నిజమే. కానీ అంతకుముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో ఆ అమ్మాయికి ఎంత శిక్షణ ఇచ్చారో, ఎవరెస్ట్ మీద కూడా పైకెక్కుతూ కిందికి దిగుతూ ఎన్ని వారాలు గడిపారో కూడా తెలుసుకుంటే ఆ మాట అనరు.

సూత్రం ఇదీ: 3000 మీటర్లు దాటాక, ఇవాళ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్నచోటు కన్నా 500 మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తుకి వెళ్లొచ్చారన్న దానికన్నా ఎక్కడ నిద్రపోయారన్నదే ముఖ్యం. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి వెళ్లేవాళ్లు 3440 మీటర్ల నామ్చే బజార్‌లో రెండు రాత్రులు ఆగేది ఇందుకే. లేహ్ 3500 మీటర్లు. శంషాబాద్‌లో తెల్లవారుజామున ఫ్లైట్ ఎక్కి, ఢిల్లీలో మారి, మధ్యాహ్నానికల్లా అక్కడ దిగినవాళ్లు మర్నాడే 5300 మీటర్ల పైనున్న ఖర్దుంగ్‌లాకి బండేసుకుని బయల్దేరడం చూస్తుంటాను, దయచేసి ఆ పని చేయకండి, కనీసం రెండు రోజులు లేహ్‌లోనే నెమ్మదిగా తిరగండి.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం ఉంటే అక్కడే ఆగిపోవాలి. తగ్గకపోయినా, పెరుగుతున్నా కిందికి దిగాలి. మాట తడబడుతుంటే, లేదా మడమకి బొటనవేలు ఆనిస్తూ నేల మీద గీతలాగా నడవమంటే తూలిపోతుంటే, అది మెదడులో వాపు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. రాత్రి రెండైనా సరే, తోడిచ్చి దించేయాలి.

అపోహ: ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాకుండా ఇచ్చే డైమాక్స్ మాత్ర వేసుకుంటే లక్షణాలు దాక్కుంటాయి

దాక్కోవు. ఆ మాత్ర ఊపిరి కాస్త వేగంగా, లోతుగా తీసుకునేలా చేసి శరీరం అలవాటు పడటాన్ని తొందర చేస్తుంది. నివారణకి పెద్దవాళ్లకి మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. అయితే సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా ముట్టుకోవద్దు, మిగతావాళ్లు కూడా ఇంటి దగ్గరే అడిగి తెలుసుకోండి. వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, కూల్‌డ్రింక్ తాగితే చప్పగా ఉంటుంది, వీటికి కంగారు పడక్కర్లేదు. మాత్ర వేసుకున్నాం కదా అని రోజుకి వెయ్యి మీటర్లు ఎక్కేయడానికి మాత్రం అది లైసెన్స్ కాదు.

అన్నట్టు, రోజుకి ఐదారు లీటర్ల నీళ్లు తాగితే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాదన్నది కూడా అపోహే. దాహానికి తగ్గట్టు తాగండి. అతిగా తాగితే ఒంట్లో సోడియం పడిపోయి కొత్త సమస్య వస్తుంది.

అపోహ: పెద్ద బ్యాగ్ అయితే అన్నీ పడతాయి, మంచిదే

అన్నీ పడతాయి కాబట్టే మంచిది కాదు. 70 లీటర్ల బ్యాగ్ కొంటే 70 లీటర్లూ నింపుతారు. నాలుగైదు రోజుల నడకకి 50 నుంచి 60 లీటర్లు చాలు. మొత్తం బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు, అదీ నీళ్లతో కలిపి. సర్దే ముందు సామాన్లన్నీ మంచం మీద పరవండి. జతలు జతలుగా టీషర్టులు, గాజు సీసాలో ఆవకాయ, ఫుల్ సైజు షాంపూ, టర్కీ టవల్ అక్కడే బయటపడతాయి. ఆవకాయ లేకుండా ఉండలేం అంటే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకోండి, నేను వద్దనను. కారప్పొడి, కందిపొడి ఇంకా నయం, తేలిగ్గా ఉంటాయి, కారవు.

ఇక బ్యాగ్ వేసుకోవడం. భుజాలు లాగేస్తున్నాయి అనేవాళ్లలో చాలామంది హిప్ బెల్ట్ పెట్టుకోనే పెట్టుకోరు, లేదంటే పొట్ట మీద పెట్టుకుంటారు. ముందు అన్ని పట్టీలూ వదులు చేయండి. బ్యాగ్ వీపుకి తగిలించుకుని, కాస్త ముందుకి వంగి, హిప్ బెల్ట్‌ని రెండు పక్కలా తుంటి ఎముకల మీద కూర్చోబెట్టి గట్టిగా బిగించండి. ఆ తర్వాతే భుజం పట్టీలు లాగండి, అదీ వీపుకి ఆనేంత వరకే. చివర్లో భుజాల పైనుండే చిన్న పట్టీలు కొద్దిగా. ఇప్పుడు బరువులో ఎక్కువ భాగం నడుము మీదుగా కాళ్లకి దిగుతుంది, భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరుతుంది. దూరకపోతే మళ్లీ మొదటి నుంచి సర్దుకోండి. లోపల స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైనవి వీపుకి ఆనించి మధ్యలో, రెయిన్‌కోటు అన్నిటికన్నా పైన చేతికందేలా ఉండాలి. నిండు బిందెని నడుముకి ఆనించుకుని మోయడానికీ, చేతులు చాచి మోయడానికీ ఎంత తేడా ఉంటుందో బరువు వీపుకి దగ్గరగా ఉండటానికీ, దూరంగా ఉండటానికీ అంత తేడా.

అపోహ: జీన్స్ మందంగా ఉంటుంది, చలికి పనికొస్తుంది. రాత్రికి కొంచెం రమ్ వేస్తే ఇంకా మంచిది

జీన్స్ తడిస్తే రోజంతా ఆరదు, తడిగుడ్డ ఒంట్లో వేడి లాగేస్తుంది. కాటన్ బనియన్ కూడా అంతే, చెమటతో తడిసి, ఆగగానే వణికిస్తుంది. రమ్ తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది, అదే సమయంలో లోపలి వేడి బయటికి పోతుంటుంది, నిద్రలో ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. నా బ్యాచ్‌లో ఎత్తులో మందు లేదు, దీని మీద బేరాల్లేవు.

రాత్రి చలికి అసలు మందు కింద పరిచే మ్యాట్. ఒంటి బరువుకి స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం నలిగిపోయి పనిచేయదు, నేల చలి నేరుగా ఎక్కుతుంది.

అపోహ: ఇదంతా ఫారినర్ల సరదా

ఉగాదికి ముందు కర్ణాటక నుంచి, శివరాత్రికి మన ఊళ్ల నుంచి శ్రీశైలం నడిచొచ్చేవాళ్లని చూడండి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల దాటి కైలాసద్వారం ఎక్కుతారు, నెత్తిన మూటతో, దారిలోనే వంట, దారిలోనే పడక. అయితే ఆ దారి తెరిచేది పండగ రోజుల్లోనే. అది పులుల అభయారణ్యం, మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అక్కడ ప్రమాదం పులి కన్నా ఎండ, వేసవిలో పదకొండు దాటాక నడక ఆపేయాలి.

అపోహ: పారే నీళ్లు, అందులో మంచు నీళ్లు, శుభ్రంగా ఉంటాయి

పైన గొర్రెల మందలున్నాయి, కంచర గాడిదలున్నాయి, మీకంటే ముందు వెళ్లిన క్యాంప్ ఉంది. నీళ్లు తెర్లేలా కాచాలి, 2000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు. క్లోరిన్ మాత్ర వేస్తే కనీసం అరగంట ఆగాలి, నీళ్లు బాగా చల్లగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. మలవిసర్జనకి వెళ్లేవాళ్లు వాగుకి డెబ్బై అడుగులు దూరంగా వెళ్తే చాలదు, డెబ్బై పెద్ద అంగలు వేసి, జానెడు లోతు గుంత తీసి పూడ్చాలి. వెట్ వైప్స్‌లో ప్లాస్టిక్ ఉంటుంది, అవి పూడ్చకుండా కవర్లో పెట్టి వెనక్కి తేవాలి.

అపోహ: సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో మ్యాప్ పనిచేయదు

జీపీఎస్‌కి సిగ్నల్‌తో పని లేదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. ఫోన్‌ని చంపేది చలి, రాత్రి దాన్నీ పవర్ బ్యాంక్‌నీ స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకుని పడుకోండి. కాశ్మీర్, లద్దాఖ్ వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయినా ట్రెక్ దారిలో దొరక్కపోవచ్చు కాబట్టి, ఏ రోజు ఎక్కడ పడుకుంటారో, ఏ రోజుకి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి బయల్దేరండి.