ప్రార్థన గురించి మా పల్లెల్లో వినిపించే అపోహలు, వాక్యం చెప్పే వాస్తవాలు

దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో పాస్టరుగా సేవ చేస్తున్నాను. ఆదివారం ఆరాధన సంగతి అలా ఉంచితే, నా పని ఎక్కువగా ఇళ్లలో, ఆసుపత్రి వార్డుల్లో, పొలం గట్ల మీద జరుగుతుంది. ఎక్కడికి పోయినా "అయ్యగారూ, గట్టిగా ప్రార్థన చేయండి" అంటారు. చేస్తాను. దేవుడు ప్రార్థన వింటాడని మనస్ఫూర్తిగా నమ్ముతాను. అందుకే ప్రార్థన పేరు చెప్పి జనాన్ని భయపెట్టే మాటలు వింటే ఊరుకోలేను.

అపోహ: మందులు వాడితే విశ్వాసం లేనట్టే.

ప్రాణాల మీదికి తెచ్చే మాట ఇది. మా సంఘంలో ఒక అక్క కొడుక్కి ఫిట్స్ ఉన్నాయి. ఏదో కూటాల్లో ఎవరో చేతులుంచి ప్రార్థించి, "స్వస్థత వచ్చేసింది, ఇక మాత్రలు ముట్టొద్దు" అన్నారట. నేను ఇంటికి వెళ్లేసరికి సగం వాడిన మాత్రల షీటు బైబిలు పేజీల మధ్య ఉంది. "పారేద్దామంటే చేతులు రాలేదు అయ్యగారూ. వేస్తే దేవునికి కోపమొస్తదని భయమైంది" అంది.

ఆమెకు రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం చదివి వినిపించాను. హిజ్కియా రాజు చావు బతుకుల మధ్య ఉండి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విని ఆయుష్షు 15 ఏళ్లు పెంచాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. దేవుడు మాటిచ్చాక కూడా మందు వేశారు, అది అవిశ్వాసమని ఎవరూ అనలేదు. పౌలు పక్కనే ఉన్న లూకా వైద్యుడు. తిమోతికి కడుపులో బాగా లేకపోతే పౌలు ఏం తీసుకోవాలో చెప్పాడు గాని, మానేయమని చెప్పలేదు. అన్నీ విని ఆ అక్క అప్పుడే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన చెప్పినట్టు మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు.

ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. టీబీ కోర్సు మధ్యలో వదిలేస్తే ఆ మందులకు లొంగని టీబీగా మారవచ్చు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా సొంతంగా మానకూడదు. చేలో పాము కరిస్తే ముందు 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్‌లో కూర్చుని ప్రార్థించండి, దేవుడు అక్కడా వింటాడు. పాలమూరులో సువార్త చెప్పిన మెనొనైట్ బ్రెదరన్ అనే మిషన్ వాళ్లే జడ్చర్లలో ఆసుపత్రి కూడా పెట్టారు. రోగి మంచం దగ్గర ప్రార్థన, సెలైన్ రెండూ నడిచిన చోటు అది.

అపోహ: జవాబు రాలేదంటే విశ్వాసం తక్కువ, లేదా ఇంట్లో ఏదో పాపం ఉంది.

నిరుడు ఎండాకాలం ఒక రైతు బోరు వేసే ముందు ప్రార్థనకు పిలిచాడు. రాత్రంతా బండి నడిచింది. తెల్ల దుబ్బ లేచింది తప్ప నీళ్లు పడలేదు. రాడ్లు ఇంకా బయటికి తీస్తుండగానే ఒక పెద్దమనిషి "ఒప్పుకోని పాపం ఏదో ఉంటది" అనేశాడు. అప్పు తెచ్చి బోరు వేసిన ఆ మనిషి తల ఎత్తలేకపోయాడు. మా నేల అడుగున గ్రానైటు రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగలకపోతే భక్తిపరుడి చేనులోనైనా దుబ్బే వస్తుంది. నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద ఒకేలా వాన కురిపిస్తాడని యేసు చెప్పింది ఈ దేవుని గురించే.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఈ శ్రమల గిన్నె తొలగించమని అదే మాటలతో మూడుసార్లు ప్రార్థించాడు, గిన్నె తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు అలాగే ఉంది, "నా కృప నీకు చాలు" అనే మాట వచ్చింది. వీళ్లకు విశ్వాసం తక్కువని అనగలమా? అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో యాకోబును కత్తితో చంపారు, పేతురును దూత జైలు నుంచి బయటికి తెచ్చాడు. ఒకే సంఘం, ఒకే రాజు. ఎందుకిలా జరిగిందో ఆ గ్రంథం రాసిన లూకా వివరించలేదు. ఆయనే వివరించనిది, బిడ్డ పోయిన తల్లి ముందు కూర్చుని మనం వివరించబోవడం క్రూరత్వం. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు పక్కన అతని స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు మంచి చేసింది ఆ ఏడు రోజులే.

మరి ప్రార్థన ఎందుకంటే, యేసు నేర్పిన పరలోక ప్రార్థన ఎలా సాగుతుందో చూడండి. ముందు తండ్రి నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం. ఆ తర్వాతే మన ఆహారం, అదీ ఈ రోజుకు సరిపడా. అడగొద్దని యేసు ఎక్కడా చెప్పలేదు, విసుగకుండా అడగమనే చెప్పాడు. కానీ అడుగుతూ అడుగుతూ ఉండగా మన మనసు ఆయన వైపు తిరుగుతుంది. కక్షతో వచ్చిన మనిషి క్షమించి లేచి వెళ్లడం మా కూడికల్లో చూశాను. నా దృష్టిలో అది స్వస్థతకు ఏమాత్రం తక్కువ కాదు.

అపోహ: ఎంత గట్టిగా అరిస్తే అంత శక్తి.

బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు. దేవుడు విన్నాడు. యేసు చెప్పిన ఉపమానంలో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన ఒక్క వాక్యమే. రాత్రంతా ప్రార్థించేవాళ్లను నేను తప్పుపట్టను, యేసు కూడా అలా ప్రార్థించాడు. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న వాడలో అర్ధరాత్రి మైకు మాత్రం ఆపండి.

అపోహ: ఉపవాసం ఉంటే దేవుడు తప్పక ఒప్పుకుంటాడు.

యెషయా 58 చదవండి. ఆకలిగొన్నవాడికి మన అన్నం పెట్టడమే దేవుడు కోరిన ఉపవాసమని అక్కడుంది. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. శుక్రవారం కూడికకు తిని వచ్చినా ఎవరూ చిన్నచూపు చూడకూడదు.

అపోహ: పెద్ద దైవజనుడు ప్రార్థిస్తేనే, కానుక పంపితేనే పని జరుగుతుంది.

డబ్బిచ్చి దేవుని వరం కొనబోయిన సీమోను అనే గారడీవాణ్ణి పేతురు ఎంత కఠినంగా గద్దించాడో చదవండి. కుష్ఠు నయమైన నయమాను దగ్గర కానుక తీసుకున్న, ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీ గతి ఏమైందో కూడా చదవండి. యాకోబు పత్రిక ఒకరి కోసం ఒకరు ప్రార్థించమంటుంది. ఏలీయా ప్రవక్త మనలాంటి స్వభావం ఉన్న మనిషే అని కూడా అంటుంది. కూలికి పోయే అవ్వ ప్రార్థన, నా ప్రార్థన దేవునికి ఒకటే. ప్రార్థన చేసిన నూనె సీసాకు రేటు కట్టి అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

అపోహ: ప్రార్థించాం కదా, ఇక మనం చేసేదేం లేదు.

యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువులు బెదిరిస్తే నెహెమ్యా ప్రార్థించాడు, కావలివాళ్లనూ పెట్టాడు. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద జ్యూయెట్ మిషనరీ దంపతులు, మరికొందరు తెలుగువాళ్ల కోసం చేసిన ప్రార్థన గురించి మా బాప్టిస్టు సంఘాల్లో అందరికీ తెలుసు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతీ చెప్పుకుంటాం. మధ్యలో 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇప్పించాడు. సాక్ష్యాల్లో ఈ ముక్క ఎందుకో వదిలేస్తారు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తాం. వంగిన ఎముక మందులతో సరికాదు, కానీ మంచినీళ్లు ఇస్తే తర్వాతి పిల్లలు బాగుంటారు. అందుకని వాళ్ల కోసం ప్రార్థించేవాళ్లు ఊరి నల్లా ఆగిపోతే అర్జీ పట్టుకుని ఆఫీసుకూ పోవాలి.

అపోహ: దేవుణ్ణి ప్రశ్నిస్తూ, ఏడుస్తూ ప్రార్థించకూడదు.

కీర్తనల్లో ఎన్నో ఏడుపులే. 88వ కీర్తన చివరి మాట కూడా చీకటే, ఓదార్పు లేకుండానే ముగుస్తుంది. దాన్నీ దేవుని ప్రజలు తమ ప్రార్థనల్లో ఉంచుకున్నారు. కష్టంలో మాటలు రానివాళ్లు 13వ కీర్తన తెరవండి. ఎంతకాలం, ఎంతకాలం అని అడుగుతూ మొదలయ్యే ఆరు వచనాలే. చదవడం రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లల చేత చదివించుకోండి. పిల్లలు లేని ఇల్లయితే కబురు పెట్టండి, నేనే వచ్చి చదువుతాను.