హైపో డబ్బాలో ఎంత క్లోరిన్ ఉంది?

హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి అడిగారు: “మా సెల్లార్‌లోని మురుగునీటి శుద్ధి ప్లాంటులో క్లోరిన్ సిలిండర్లు లేవండీ, హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణమే వాడతాం. ఇక గ్యాస్ భయం లేనట్టే కదా?” సగం నిజమే. మిగతా సగం చెప్పాలంటే నాకు మహా సరదా.

మురుగు ఎలా శుద్ధి అవుతుందో వదిలేద్దాం. చివరన క్రిములను చంపడానికి క్లోరిన్ కావాలి, అంతే. పెద్ద ప్లాంట్లకు అది 900 కిలోలు పట్టే ‘టన్నర్లు’ అనే పెద్ద సిలిండర్లలో ద్రవంగా వస్తుంది. వాషింగ్టన్ నగరపు బ్లూ ప్లెయిన్స్ ప్లాంటుకైతే రైలు ట్యాంకర్లలోనే వచ్చేది. 2001 సెప్టెంబరు ఉగ్రవాద దాడుల తర్వాత, వాటి మీదా దాడి జరుగుతుందేమోనని వాళ్లు హడావిడిగా హైపోకు మారారు. మంచి పని చేశారు.

అయితే హైపో తయారయ్యేదే క్లోరిన్‌ను కాస్టిక్ సోడాలోకి పంపితే. క్లోరిన్ అణువు రెండుగా చీలి, ఒక పరమాణువు క్లోరైడ్‌గా, అంటే ఉప్పుగా, రెండోది హైపోక్లోరైట్‌గా మారుతుంది. విడిపోయినా రెండూ ఉండేది ఆ ద్రావణంలోనే. పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం) 12 పైన ఉన్నంతకాలం వాటిని క్షారం కలవనివ్వదు. ఆమ్లం పడి పీహెచ్ 7.5కు దిగేసరికి సగం హైపోక్లోరైట్ హైపోక్లోరస్ ఆమ్లమై ఉంటుంది. ఇంకా దిగితే ఆ ఆమ్లం పక్కనున్న క్లోరైడ్‌తో కలిసి మళ్లీ క్లోరిన్ వాయువై బుసబుసా పైకొస్తుంది. పరిస్థితి మారితే చర్య ఆ మార్పును తగ్గించే దిక్కుకు మళ్లుతుందనేదే లె షాటెలియర్ సూత్రం. ఇంటర్‌లో అది అనగానే హేబర్ అమ్మోనియా పద్ధతి చెప్పి ముగిస్తారు. ఇంతకన్నా మంచి ఉదాహరణ స్నానాల గదిలోనే ఉంది: బ్లీచింగ్ పౌడర్, యాసిడ్.

డబ్బా మీద “అవైలబుల్ క్లోరిన్ 10 శాతం” అని రాసి ఉంటుంది. ఆమ్లం పోస్తే ఎంత క్లోరిన్ బయటపడగలదో చెప్పే అంకె అది. లీటరుకు సుమారు 100 గ్రాములు. 9,000 లీటర్ల హైపో ట్యాంకులో ఒక టన్నరు దాగి ఉన్నట్టే లెక్క. పది లీటర్లకు ఒక కిలో. గాలిలో పది లక్షల భాగాలకు 10 భాగాల క్లోరిన్ ఉంటే ప్రాణాపాయ స్థాయి అంటారు. ఒక్క కిలో దాదాపు 34 వేల ఘనపు మీటర్ల గాలిని ఆ స్థాయికి తేగలదు. నిజానికి కొంత నీటిలోనే కరిగి ఉండిపోతుంది కానీ సెల్లార్‌లో అది పెద్ద ఊరట కాదు.

మరి ఆమ్లం ఎక్కడిది? పటిక! దిష్టి తగలకుండా గుమ్మానికి కడతాం, నీళ్లు తేరడానికి బిందెలో తిప్పుతాం. దాన్ని ఆమ్లమని ఎవరనుకుంటారు? కానీ నీటిలో అల్యూమినియం అయాన్ తన చుట్టూ చేరిన ఆరు నీటి అణువుల నుంచి ప్రోటాన్లను వదిలిస్తుంది; ఆమ్లగుణం వాటిదే. గాఢ ద్రావణం పీహెచ్ 3 దగ్గర ఉంటుంది. నీళ్లు తేర్చడానికే వాడే ఫెర్రిక్ క్లోరైడ్‌దైతే 2 కన్నా తక్కువ. మురుగు ప్లాంటులో ఇవన్నీ హైపోకు ఇరుగుపొరుగే.

2016 అక్టోబరు 21న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఆచిసన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ట్యాంకర్ గొట్టాన్ని హైపో ట్యాంకుకు తగిలించారు. అది మురుగు ప్లాంటు కాదు, వేరే కర్మాగారం. నింపే గొట్టాల మూతులు పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. పచ్చని మేఘం ఊరి మీదికి పాకింది; 140 మందికి పైగా ఆస్పత్రులకు వెళ్లారు.

అందుకే గోడ మీద అతికించే హెచ్చరిక కాగితాల మీద నాకు నమ్మకం తక్కువ. హైపో గొట్టానికీ పటిక గొట్టానికీ ఒకదానికొకటి పట్టని బిగింపులు పెట్టాలి. మూతులకు తాళం, తాళంచెవి ప్లాంటు ఆపరేటర్ దగ్గర. దించే ముందు వచ్చిన సరుకుకు లిట్మస్ కాగితం. కారితే పట్టే తొట్లు కూడా వేర్వేరుగా ఉండాలి. ఒకే తొట్టి కట్టి, కారిన రెండూ అందులో కలిసేలా చేసిన ఘనులున్నారు.

టన్నర్లున్న చోట కారిన క్లోరిన్‌ను పట్టే స్క్రబ్బర్‌లో ఉండేది కాస్టిక్ సోడానే. అదే చర్య, ముందుకు నడిపితే కాపాడుతుంది: కిలో క్లోరిన్‌కు 1.13 కిలోల కాస్టిక్.

కార్యదర్శిగారూ, మీ సెల్లార్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను పైకప్పు దగ్గర ఉందేమో చూడండి. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేలను అంటిపెట్టుకుంటుంది. గాలిని లాగే గొట్టం కిందికి, అడుగు ఎత్తులోపు ఉండాలి. స్విచ్చి మాత్రం గది బయట.