వేసే బోరు, కొట్టే బోరు

అనంతపురం జిల్లాలో బోరు బండి దిగిన పొలం గట్టున గంటసేపు నిలబడితే ఒక భాషాశాస్త్ర పాఠం వినవచ్చు. కంప్రెసర్ రొదకు చెవులు మూసుకున్న పిల్లవాడు "నాయనా, బోరు కొడ్తాంది, ఇంటికి పోదాం" అంటాడు. గుంతలోంచి లేస్తున్న తెల్లటి రాతిపొడి మీదనుంచి చూపు తిప్పకుండానే తండ్రి "ఉండ్రా, నీళ్లు పడనీ" అంటాడు. వేసే బోరుకూ కొట్టే బోరుకూ తేడా ఏమిటన్న సందేహం ఇద్దరిలో ఎవరికీ రాదు. తెలుగులో ఆ తేడా చెప్పే పని పక్కనున్న క్రియ చూసుకుంటుంది. ఆ మాట వచ్చిన ఇంగ్లీషులో మాత్రం ఈ రెండు బోర్ల చుట్టరికం నేటికీ తేలని విషయమే.

మొదటిదాని చరిత్రలో చిక్కేమీ లేదు. వెయ్యేళ్లకు పైబడిన పాత ఇంగ్లీషులో రంధ్రం చేయడాన్ని 'బోరియన్' అనేవారు. జర్మన్ భాషలో ఇప్పటికీ అది 'బోరెన్'. లాటిన్‌లో దీని జ్ఞాతి, అంటే అదే మూలంనుంచి పుట్టిన మాట, 'ఫొరారె'. తపాలా బిళ్లలను విడదీయడానికి అంచుల్లో వేసే చిల్లులను 'పర్ఫొరేషన్' అంటున్నామంటే అది ఆ లాటిన్ మాట చలవే. ఇంగ్లీషులో 'బ' ఉన్నచోట లాటిన్‌లో 'ఫ' ఉండటం యాదృచ్ఛికం కాదు. సంస్కృత 'భ్రాతృ' లాటిన్‌లో 'ఫ్రాటెర్', ఇంగ్లీషులో 'బ్రదర్' అయినట్టే, ఒక మూల ధ్వని మూడు శాఖల్లో మూడు రూపాలు తీసుకుంది. ఈ క్రమం మాట తర్వాత మాటలో తప్పకుండా కనబడినప్పుడే భాషాశాస్త్రవేత్తలు బంధుత్వాన్ని ఒప్పుకుంటారు; చెవికి ఒకేలా వినిపించడం ఆ వ్యవహారంలో సాక్ష్యంగా చెల్లదు.

వడ్రంగి బరమా తిప్పి కొయ్యకు బెజ్జం వేయడం ఈ మాటకు తొలి తావు. అక్కడినుంచి అది తుపాకీ గొట్టంలోకి వెళ్లింది. ట్వెల్వ్ బోర్ తుపాకీ అనడంలోని 12 అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌండు సీసం లోహాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, ఆ గొట్టం లోపలి వెడల్పు సుమారుగా అంత. కనుక అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఫిరంగి గొట్టాలు తొలవడం నుంచైతే భౌతికశాస్త్రానికే ఒక మలుపు దొరికింది. మ్యూనిక్ ఆయుధాగారంలో ఆ పని చేయిస్తున్న కౌంట్ రంఫర్డ్, మొండి బరమాను గుర్రం చేత తిప్పించి, చుట్టూ పోసిన నీళ్లు దాదాపు రెండున్నర గంటల్లో మంట లేకుండానే మరగడం చూశాడు. అప్పట్లో చాలామంది నమ్మినట్టు ఉష్ణం ఒక ద్రవపదార్థమైతే ఇంత తొలిచినా అది తరగదేమని ఆయన 1798లో ప్రశ్నించాడు. ఉష్ణం ఒక రకమైన చలనమేనన్న అవగాహనకు దారి వేసిన ప్రయోగాల్లో అదొకటి.

మన బోరు బావి పనితీరు దీనికి కొంత భిన్నం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురంలో నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. ఆ రాతి ఒంట్లో నీరు నిలవదు. పైనున్న శిథిలమైన పొరలోనూ, లోతున ఉన్న పగుళ్లలోనూ మాత్రమే దొరుకుతుంది. గడ్డపారతో, మందుగుండుతో తవ్విన కపిల బావి వెడల్పుగా ఉంటుంది కనుక పైపొర నీరు నాలుగు వైపులనుంచీ ఊరి అందులో చేరేది. ఆ నీరు తరిగాక సన్నటి బోరుతో వందల అడుగులు దిగి పగుళ్లను వెతకడం మొదలైంది. పగులు తగిలితే నీళ్లు పడ్డట్టు, తగలకపోతే దుమ్మే మిగిలినట్టు. పది గజాల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి పారి మరొకటి ఎండటానికి కారణం తలరాత కాదు, రాతిలోని పగుళ్ల అమరికే. ఇంత గట్టి రాయిని ఊరికే తిప్పి తొలవడం కుదరదు. కంప్రెసర్ పంపే గాలి గొట్టాల చివరనున్న సుత్తిని నిమిషానికి వందల సార్లు ఆడిస్తుంది. దాని కింద రాతిని తాకే మొన, అంటే బిట్, తిరుగుతూ, దెబ్బలు తింటూ రాతిని నలుపుతుంది. అదే గాలి ఆ పొడిని పైకి ఎగజిమ్ముతుంది. నిజానికి ఇది తొలవడం కన్నా ఎక్కువగా కొట్టడమే!

రెండో బోరు, అంటే విసుగు పుట్టించే బోరు, ఇంగ్లీషు రాతల్లో కనబడేది 1760లనుంచే. తల తొలిచినట్టు మాట్లాడేవాడు కనుక బోరు అన్నారనే ఊహ ఉంది కానీ రుజువు లేదు. ఆ ఊహ మనకు నచ్చడానికి తెలుగు అలవాటు కూడా కారణమని నా అనుమానం. మనవాళ్లు ఇలాంటి మాటకారిని 'సుత్తి' అన్నారు. పనిముట్టు మారిందే గాని బాధ అదే. అయితే తొలిచే పనిని తెలుగు విసుగుకు కాక దిగులుకు అంటగట్టింది. మనసును తొలిచేది చింత. విసుగు మనసును తొలవదు.

ఈ మాట రాకముందు తెలుగువాళ్లకు విసుగు తెలియదని కాదు. పనిలేక తోచకపోవడం ఒకటి, పొద్దుపోకపోవడం ఒకటి, మళ్లీ మళ్లీ అదే ఎదురై మొహం మొత్తడం మరొకటి. ఇన్ని ఛాయల మీద బోరు ఒక్కటే గుడ్డలా పరుచుకోవడం కాస్త నష్టమే. ఇంగ్లీషులో ఒక మనిషి ఇంకొకరిని బోరు చేస్తాడు. తెలుగులోనైతే 'నాకు ఆకలేస్తోంది' అన్నట్టుగా 'నాకు బోరు కొడుతోంది' అంటాం. ఎండ కొట్టినట్టు, కంపు కొట్టినట్టు అది బయటినుంచి వచ్చి తగులుతుంది. మొహం మొత్తడంలోని మొత్తడమూ కొట్టడమే. పరాయి మాటకు ఇంటి క్రియ ఎంత సహజంగా అమిరిందో చూడండి.

ఇంగ్లీషులో మరో రెండు బోర్లున్నాయి. సముద్రపు పోటు గరాటు ఆకారంలో ఉన్న నదీముఖంలోకి తోసుకొచ్చి, గోడలా లేచి ప్రవాహానికి ఎదురెక్కితే ఆ కెరటం ఒక బోరు. కోల్‌కతా దగ్గర హుగ్లీలో దాన్ని చూడవచ్చు. ఆ మాట స్కాండినేవియా వారి 'బారా', అంటే అల, నుంచి వచ్చి ఉంటుందంటారు. నాలుగోది మోయడం, భరించడం అనే అర్థాలున్న 'బేర్' క్రియకు భూతకాల రూపం. దీని మూల ధాతువే సంస్కృతంలో 'భృ' అయింది. భారం, భరించడం దానినుంచే మనకొచ్చాయి. అంటే నాలుగింటిలో మన నోటికి అసలు చేరని ఈ బోరే మన మాటలకు చుట్టం.

ఇక బోరున ఏడవడంలోని బోరుకు వీటితో సంబంధం లేదు. అది ఏడుపు చప్పుడునుంచే పుట్టిన అచ్చ తెలుగు మాట. ఎలుక బొరియ కూడా బోరును తలపిస్తుంది గాని, ఆ పోలికకు ఆధారం లేదు. ఇంగ్లీషు 'బోరింగ్' మాత్రం మన పల్లెల్లో చేతిపంపుకు పేరైంది. బడిలో బోరింగ్ అంటే విసుగు పుట్టించేదని నేర్చుకున్న పిల్లలు సాయంత్రం బిందె పట్టుకుని ఆ బోరింగు దగ్గరికే నీళ్లకు వెళ్తారు.